ప్రత్యుత్తరము

పూడిమడక సముద్రతీరమున నొక యాచారము గలదు. తెల్లవారుజామున వేటకు బోవువానిని ఎవ్వరును "ఎక్కడికి?" అని యడుగరాదు. "ఎప్పుడు వత్తువు?" అనియు నడుగరాదు. అడిగినచో వేట చెడునని పెద్దలందురు. భార్య అన్నపుక్యారేజిని, మంచినీళ్ల డబ్బాను ఒడ్డుదాక మోసితెచ్చి, పడవ అలను దాటి సమనీటిలో పడువరకు నిలిచి చూచి, మారుమాట లేక వెనుదిరుగును.

నేనీ యూరికి ఉపాధ్యాయుడనై వచ్చిన క్రొత్తలో ఈ మౌనమును జూచి, ఇది యెంత గంభీరమైన యనురాగమో యని మురిసిపోయితిని. సంస్కృతకావ్యములు చదివినవానికి విరహమన్న సహజముగనే మక్కువ యెక్కువ. ఆ మౌనము వెల యెంతయో నాకు తెలిసినది 2022వ సంవత్సరము ఆగస్టు మాసములో. ఆ కథ చెప్పుకొనుట నాకు గౌరవము కాదు. అయినను చెప్పక తప్పదు.

పూడిమడక అనకాపల్లి జిల్లాలో, అచ్యుతాపురమునకు దగ్గరగా, బంగాళాఖాతపు టొడ్డున నున్న పెద్ద మత్స్యకారగ్రామము. ఇచ్చటివారు ఫైబరు పడవలకు మోటారులు బిగించుకొని, గేలములతో సూరచేపలకును కొమ్ముకోనాములకును దూరసముద్రమునకు బోవుదురు. తాతలనాడు కొండగురుతులు చూచికొని, రాత్రివేళ గొరకొయ్యలను, పిల్లలకోడిని, వేగుచుక్కను నమ్ముకొని దారి పట్టెడివారు. నేటివారి చేతిలో సెల్‌ఫోను గలదు. కొందరి పడవలలో దిక్కును, స్థలమును చూపు యంత్రములును గలవు. ఊరిప్రక్కనే మహాపరిశ్రమలు లేచుచున్నవి. 2025 జనవరి 8వ తేదీన ఈ యూరిపేరనే హరిత హైడ్రోజను కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. ఇంత విజ్ఞానము ఇంటిగుమ్మములోనికి వచ్చినపుడు దానిని లోనికి దీసికొనిపోవలసినవారెవరు? చదువుకొన్నవారు. ఆ చదువుకొన్నవారిలో నొకడనైన నేనేమి చేసితినో చిత్తగింపుడు.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టుకాలమని, మరపడవల వేట నిషిద్ధము. ఆ యేటి నిషేధదినములలో ఒక మధ్యాహ్నము మా బడిపిల్లయొకతె తండ్రి నాయింటికి వచ్చెను. అతడొక పడవకు సరంగు. చంకలో గుడ్డచుట్టిన యొక పెట్టె, చేతిలో నొక కాగితము. నేను కుర్చీ చూపినను కూర్చుండక, అరుగుమీదనే చతికిలబడి యిట్లనెను:

"మేస్టారూ, దీన్ని మా పడవకిచ్చినారు. ఆపదొస్తే నొక్కాలంట. ఏది నొక్కాలో, ఎలాగ నొక్కాలో ఈ కాయితంలో ఉందంట. అంతా ఇంగ్లీసే. తమరు ఓపాలి సదివి తెలుగులో రాసిపెడితే పడవలో అంటించుకుంటాం."

ఆ యంత్రము ఆపదలోనున్న పడవనుండి ఉపగ్రహమునకు వార్త పంపునది. దానిని డాట్ అని పిలుతురు. ఇస్రోవారు కల్పించిన యీ పద్ధతి తీరరక్షకదళమువారి పూనికతో 2010వ సంవత్సరమునుండి వాడుకలో నున్నది. పడవ మునుగుచున్నదా, నిప్పంటుకొన్నదా, మనిషి నీట పడెనా, వైద్యము కావలెనా, అను భేదమును తెలుపుటకు దానికి మీటలుండును. మీట నొక్కినచో పడవ యున్నచోటు, ఆపదయొక్క తీరు, ఆ యంత్రముయొక్క గుర్తుసంఖ్య ఉపగ్రహముద్వారా బెంగుళూరిలోని కేంద్రమునకు చేరును. అచ్చటనుండి తీరరక్షకదళముయొక్క రక్షణకేంద్రమునకు పోవును. ఇదియంతయు నేను తరువాత తెలిసికొన్నది. ఆ మధ్యాహ్నము నాకు తెలిసిన దొక్కటే: ఎండ మెండుగా నుండెను, నాకు కునుకు వచ్చుచుండెను.

"ఆదివారము రమ్ము, తీరికగా వ్రాసియిచ్చెదను" అంటిని. ఆ కాగితమును చేతికందిన పుస్తకములో నుంచితిని. అది మేఘసందేశము.

ఆదివారమతడు వచ్చెను. ఇంటికి చుట్టములు వచ్చియున్నారని పై ఆదివారము రమ్మంటిని. మరల వచ్చెను. పరీక్షపత్రములు దిద్దవలసియున్నవంటిని. మూడవమారు వచ్చినపుడు నేనింట లేను. అంతలో సముద్రము తెరచిరి. అతడు మరల రాలేదు. నేనును మరల తలపలేదు.

ఆగస్టు మాసములో నొక రాత్రి తొమ్మిది గంటల వేళ తల్లియు కూతురును మా గుమ్మములో నిలిచిరి. తల్లి మాటాడలేదు. తొమ్మిదవ తరగతి చదువు ఆ పిల్లయే మాటాడెను.

"మేస్టారూ, నాన్న నిన్న సాయంత్రమే రావాలి. ఫోను అందడం లేదు. తెలిసినోళ్ల పడవలు రెండు ఎల్లి ఎతికొచ్చాయి. ఎక్కడా లేరంట."

తీరరక్షకదళమువారికి 1554 అను సంఖ్యకు ఫోను చేసినచో సముద్రమందలి యాపదలను వినుదురని నేను పత్రికలో చదివియుంటిని. వెంటనే చేసితిని. అవతలివా రెంతయో మర్యాదతో, నిదానముతో ప్రశ్నలడుగ నారంభించిరి. పడవ రంగేమి? దానిపై వ్రాసిన సంఖ్య యెంత? ఎందరు పోయిరి? ఎన్ని గంటలకు బయలుదేరిరి? ఏ దిక్కునకు? ఎంతదూరము పోదలచిరి? ఎప్పటికి మరలి రావలెను? నేను ప్రతిప్రశ్నను తెలుగున చెప్పి ఆ యిల్లాలి ముఖమువంక చూచుచుంటిని. రంగు చెప్పినది. మనుష్యులు నలుగురని చెప్పినది. తక్కినవానికి ఆమె తల వంచుకొని, "అడగకూడదు గదా బాబూ" అని మాత్ర మనెను.

చివరకు వారడిగిరి: పడవలో ఆపదవార్త పంపు యంత్ర మున్నదా?

ఆ బాలిక నావంక చూచెను. "ఉంది మేస్టారూ. మా ఇంట్లోనే ఉంది. పెట్టెలో. తమరు రాసిచ్చినాక పడవలో పెడదామని నాన్న దాచాడు."

చదువరులారా, నా జీవితమున నేననేకులచేత అనేకవిధములైన నిందలు పడితిని. అవి యన్నియు మరచిపోయితిని. నింద యనునది లేశమైనను లేని ఆ మాటను మాత్రము మరువలేను.

ఆ రాత్రి పుస్తకము దీసి కాగితమును చదివితిని. చదువుటకు పది నిమిషములు పట్టినది. తెనుగు చేయుటకు మఱి యిరువది నిమిషములు చాలియుండెడివి. అరగంట పనిని నేను మూడు మాసములు వాయిదా వేసితిని. ఆ వాయిదా నలుగురు మనుష్యులను కూలిన మోటారుతో నడిసముద్రమున నిలిపినది.

"ఫోను ఎందుకు పలకదు బాబూ? ఒడ్డున ఇంత బాగా పలుకుతాది గదా" అని ఆ తల్లి ఆ రాత్రి నన్నడిగెను. ఆ ప్రశ్న మన యిండ్లలో ననేకులకు కలుగవలసినదే కావున దాని యుత్తరము నిచ్చట చెప్పెదను.

భూమి గుండ్రముగా నున్నదని బడిలో అందరమును చదివితిమి. ఆ గుండ్రదనము సముద్రముమీదనే నిజముగా అనుభవమునకు వచ్చును. పడవలో నిలుచున్నవాని కన్ను నీటికి రెండు మీటర్ల యెత్తున నున్నచో వానికి కనుచూపు మేర సుమారు 5 కిలోమీటర్లే. ఆ పైని నీరు వంగిపోవును. సెల్‌ఫోను తరంగములు సైతము ఇంచుమించు చూపువలెనే తిన్నగా పోవును గాని భూమిని చుట్టుకొని పోవు. పైగా ఆ స్తంభములు ఒడ్డుననున్న ఊళ్లకొరకు నాటినవి, సముద్రముకొరకు కాదు. కావున ఒడ్డునుండి 10, 12 కిలోమీటర్లు దాటగనే ఫోను మూగవోవును. పడవకును పడవకును మాటాడుకొను వీహెచ్ఎఫ్ రేడియో సంగతియు నిట్టిదే. రెండు పడవలయందును నాలుగేసి మీటర్ల యెత్తున తీగ నిలిపినచో సుమారు 16 కిలోమీటర్ల లోపల మాట యందును. ఆ రేడియోలో 16వ మార్గమును లోకమందలి నౌకలన్నియు ఆపదలకై విడిచియుంచి, ఎడతెగక వినుచుండవలెనని నియమము. చిన్నపడవకు అదియే చేతికందు చెలికాడు. కాని ఆ దూరములో వేరొక పడవ లేనిచో చెలికాడును లేడు.

భూమి వంపును దాటుటకు ఒక్కటే యుపాయము: ఎత్తు. ఉపగ్రహ మన్నది ఆకాశమున నాటిన స్తంభము వంటిది. భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమి యెంత వేగముగా తిరుగునో అంత వేగముగా తిరుగుచు, మనకు కదలనిదానివలె కనబడుచుండును. అంత యెత్తునుండి చూచువానికి పూడిమడక ఒడ్డును ఒకటే, నడిసముద్రమును ఒకటే. పడవనుండి మాట పైకిపోయి క్రిందికి వచ్చుటకు పావు క్షణము, అనగా సెకండులో నాలుగవ పాలు, పట్టును. పావు సెకండులో పోదగిన మాట ఆ దినమున ఒక గుడ్డలో చుట్టబడి, కుంకుమబొట్టు పెట్టబడి, సరంగు ఇంటి పెట్టెలో నుండెను.

ఇట్టి విద్య మన తీరమునకు తెచ్చిన మేలు తక్కువది కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమంది మడిసిరి. ఆ తరువాత 1980 దశాబ్దమున ఇన్సాట్ ఉపగ్రహముల సహాయముతో తుపాను హెచ్చరికలను తీరగ్రామములకు తిన్నగా చేర్చు గ్రాహకయంత్రములను తూర్పుతీరమున నిలిపిరి. 1990 మే మాసములో ఇంచుమించు ఆ సీమనే మరల ఘోరమైన తుపాను కొట్టినపుడు లక్షలమందిని ముందుగనే తరలింపగలిగిరి; మృతులు వేయికి లోపుగా నుండిరి. వేయిమంది తక్కువ యని నేననను. కాని ముందుగా చేరిన మాట యెన్ని ప్రాణముల కెత్తైనదో ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి బోధపడును.

అయితే ఆ మాట ఒడ్డుననున్నవారికి చేరినది. నీటిమీద నున్నవారికి చేరుట వేరు. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను కన్యాకుమారి, కేరళతీరములను తాకినపుడు హెచ్చరిక వెలువడునాటికే వందలకొలది పడవలు దూరసముద్రమున నుండెను. వారికి చెప్పు మార్గము లేకపోయెను. ఎన్నియో కుటుంబములు తమవారి దేహములనుగూడ చూడలేకపోయినవి. ఆ దుఃఖము పిమ్మట హైదరాబాదులోని సముద్రసమాచార సేవాకేంద్రమువారు, ఇన్‌కాయిస్ అని యందరు నెరిగిన సంస్థ, జెమిని యను చిన్నయంత్రమును సిద్ధపరచిరి. 2019 అక్టోబరు 9వ తేదీన దానిని దేశమున కర్పించిరి. విమానములకు దారి చూపుటకై నెలకొల్పిన గగన్ అను ఉపగ్రహవ్యవస్థనుండి అది వాతావరణవార్తలను, చేపలు దొరకుచోటుల వివరములను గ్రహించి, సరంగు చేతిలోని ఫోనున కందించును. స్తంభము లేనిచోటను ఫోను చదువదగినదగును. మేలైన యంత్రమే, అయినను అది వినగలదు గాని పలుకలేదు.

ఇక నా కథకు వత్తును. మూడవదినపు ప్రొద్దున విశాఖ రేవునకు చెందిన మరబోటువారికి, భీమునిపట్నమునకు తూర్పున చాలదూరమున, తెడ్డుకు కట్టిన యెఱ్ఱచొక్కా కనబడినది. నలుగురును బ్రతికియుండిరి. అందులో పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు దప్పికకు తాళలేక ఉప్పునీరు త్రాగి స్పృహ తప్పియుండెను. పదిదినములు ఆసుపత్రిలో నుండి బయటపడెను. వాడు మరల సముద్రమునకు పోలేదు. ఒక కర్మాగారమున దినకూలికి పోవుచున్నాడు. వాని తాతయు తండ్రియు నేర్పిన విద్య వానితో నిలిచిపోయినది.

సరంగును చూడబోయితిని. అతడు మంచముమీద కూర్చుండి గంజి త్రాగుచుండెను. ఏమని మొదలుపెట్టుదునో తెలియక నిలుచుంటిని. అతడే యనెను: "రాత్రిళ్లు పెద్దోడ దీపాలు రెండుపాలు కనపడ్డాయి మేస్టారూ. నలుగురం గొంతులు పగిలేలాగ అరిసినాం. ఆళ్లకెలాగ ఇనపడతాది?" తరువాత నేను కాగితము మాట యెత్తగా, "పోనీండి, తమరికి పనులుంటాయి గదా" అనెను. అతడు నన్ను తిట్టియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ పెద్దోడల మాట విన్నపుడు నాకు టైటానిక్ కథ జ్ఞప్తికి వచ్చెను. 1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి ఆ మహానౌక మంచుకొండను ఢీకొని తంతిలేని తంతివార్తలతో లోకమును పిలిచినది. దానికి చేరువనే కాలిఫోర్నియన్ అను నౌక యుండెను. కాని దానియందలి రేడియో ఉద్యోగి తన పని ముగించుకొని యంత్రమాపి నిద్రించెను. చాల దూరమున నున్న కార్పేథియా విన్నది, వచ్చినది, సుమారు 700 మందిని రక్షించినది. రెండు నౌకలయందును యంత్రములు గలవు. భేదము యంత్రములో లేదు. ఒకచోట చెవి మేలుకొనియుండెను, ఒకచోట నిదురించెను. ఆ ఘోరము పిమ్మటనే, ఇరువదినాలుగు గంటలును ఎవరో యొకరు వినుచుండవలెనను నియమము నౌకలకు ఏర్పడినది. నేనును నిదురించిన రేడియో ఉద్యోగినే యని నాకు తోచెను. నాయొద్దకు వార్త మూడుమారులు వచ్చినది.

ఆ మరునాడే తెనుగుసేత మొదలిడితిని. పశ్చాత్తాపమునకు సాయముగా పాండిత్యముకూడ పొంగినది. "నౌకానిమజ్జనము", "అగ్నిసంభవము", "పురుషపతనము", "వైద్యసాహాయ్యాపేక్ష" అని ముత్యములవంటి యక్షరములతో వ్రాసి సరంగు చేతికిచ్చితిని. అతడది కూతురిచేత చదివించుకొని, కొంతసే పాలోచించి, "ఇది కూడా ఇంగ్లీసేనా మేస్టారూ?" అని యడిగెను.

ఆ బాలిక పకపక నవ్వెను. నేనును నవ్వితిని, నవ్వక యేమి చేయుదును? పిమ్మట ఆమెయే కలము దీసికొని వ్రాసెను: "పడవ ములిగిపోతోంది." "నిప్పంటుకుంది." "మనిషి నీళ్లలో పడిపోయాడు." "మనిషికి బాగోలేదు." ఒక్కొక్క మాట ప్రక్కన, చదువురానివారికొరకు, ఒక్కొక్క బొమ్మ వేసెను. ఆ కాగితము ఇప్పుడు ఈ యూరి పడవలు కొన్నిటిలో, నీటికి తడవని యట్టమీద, యంత్రము ప్రక్కనే యున్నది. ఈ యుత్తరాంధ్రమున పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జనులు పలుకు భాషకొరకు జీవితమంతయు పోరాడిరి. సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. ఆయన జయంతినాడు ఏటేట బడిలో ఉపన్యాసమిచ్చువాడను నేను. ఆయన చెప్పిన దేమో నాకు బోధించినది మాత్రము తొమ్మిదవ తరగతి బాలిక. ఈ వ్యాసమును నాకలవాటైన భాషలోనే వ్రాయుచున్నాను. కాని ప్రాణము నిలుపవలసిన మాట వేరు, పత్రికలో వ్రాయు మాట వేరని యిప్పుడెరుగుదును.

ఆ కాగితమును దాచినది మేఘసందేశముననే యగుట నన్ను చాలకాలము వేధించినది. కాళిదాసు యక్షుడు రామగిరినుండి అలకాపురికి మేఘముచేత కబురంపును. దారియంతయు వర్ణించును, ఇల్లాలి గుర్తులు చెప్పును, కబురు చెప్పును. కావ్యమంతటితో ముగియును. ఆ మేఘము చేరినదో లేదో, ఆమె విన్నదో లేదో యక్షునకు తెలియు తెరవు కావ్యములో లేదు. ప్రత్యుత్తరము లేని సందేశమది. రామాయణమున హనుమంతుని రాయబార మట్టిది కాదు. ఉంగరము తీసికొనిపోయి చూపినాడు. అంతటితో నూరకుండక చూడామణిని తీసికొనివచ్చి రాముని చేతిలో నుంచినాడు. "చూచితిని" అను మాటకు సాక్ష్యమది. ఆ చూడామణి చేతబడిన పిదపనే రాముని దుఃఖము కార్యముగా మారినది.

మొదటి డాట్ యంత్రములు మేఘమువంటివి. మీట నొక్కినవానికి తన కేక అవతలికి చేరినదో లేదో తెలియదు. నడిరాత్రి, నడిసముద్రమున, ఆ తెలియకుండుట సగము చావు. ఆశ విడిచినవాడు ఉప్పునీరు త్రాగును, పడవ విడిచి యీదబోవును. 2024 జనవరిలో ఇస్రోవారు ప్రకటించిన రెండవతరము యంత్రము చూడామణిని తెచ్చును. కేక కేంద్రమునకు చేరగనే "చేరినది" అని పడవకు మారుకబురు వచ్చును. రక్షణదళము బయలుదేరినదను మాటనుకూడ పంపవచ్చును. తుపాను పుట్టినచో, ఒడ్డునకు రమ్మని కేంద్రమువారే ముందుగా పిలువవచ్చును. అదే సంవత్సరము ఆగస్టు 30వ తేదీన, లక్ష చేపలపడవలకు ఇరువైపుల మాటాడు ట్రాన్స్‌పాండరులను ఉచితముగా బిగించు పథకము 364 కోట్ల రూపాయలతో ప్రారంభింపబడినది. పరదేశపు జలములకు చేరువైనపుడు సరంగును హెచ్చరించుటయు దాని పనులలో నొకటి. అది యెంత యవసరమో ఉత్తరాంధ్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. గుజరాతుతీరమునకు వలసపోయి పనిచేయుచుండిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాను జలములలో ప్రవేశించిరని పట్టుబడి, 2020 జనవరివరకు చెఱలో మ్రగ్గిరి.

ఇన్ని కలిగినను నామనసున ఒక సందేహము మిగిలియున్నది. ఆకాశమున పలుకునకు మారుపలుకు తెప్పించుకొంటిమి, ఇంటిలో తెప్పించుకొంటిమా? ఆ రాత్రి తీరరక్షకదళమువా రడిగిన ప్రశ్నలు ఉపగ్రహము చెప్పదగినవి కావు. ఎందరు పోయిరి, ఎప్పుడు రావలెను, ఇవి యింటిలో తెలియవలసినవి. అసలు వచ్చు వేళ యేదో తెలియనిచో, రాలేదని యెవరికి తెలియును? భర్త పట్టిన చేపలను గంపకెత్తుకొని, బేరమాడి, అప్పు తీర్చి, పిల్లలను చదివించు స్త్రీకి, ఆ భర్త యే దిక్కునకు బోయెనో యడుగు హక్కు మాత్రము లేదు. దీనిని శకునమని పిలిచితిమి. ఇది యీ యూరివారికి మాత్రమే గల మౌఢ్య మని నగుబాటు చేయువారు తమ గుమ్మములను చూచికొందురుగాక. చొక్కా తొడుగుకొని బయలుదేరునపుడు "ఎక్కడికి?" అని మా యింటిది యడుగగా నేనెన్నిమారులు ముఖము చిట్లించుకొనలేదు? నేను చదివిన రెండు భాషలలో ఏదియు ఆ చిట్లింపును నాకు మాన్పలేదు.

కావున ఆ బాలికయు, ఆమె తల్లియు, మఱి నలుగురు స్త్రీలును కలిసి ఒక నోటుపుస్తకము పెట్టిరి. అది ఒడ్డుననున్న టీ దుకాణములో మేకునకు వ్రేలాడుచుండును. పడవ గుర్తు, మనుష్యులు, బయలుదేరిన వేళ, దిక్కు, రావలసిన వేళ, యంత్రము పడవలో నున్నదా లేదా, అంతియే. మొదట పెద్దలు చాల కోపించిరి. ఒక ముసలమ్మ, "దారికడ్డంగా అడిగి పంపిస్తారా? పడవలేమైపోవాలి?" అని కేకలు వేసెను. నేను శాస్త్రము చెప్పబోయి నోరు విప్పితిని. అంతలో ఆ బాలిక, "మామ్మా, ఎల్లేవోడు ఏటని ఎల్తాడు?" అని యడిగెను. "ఎల్లొస్తానని ఎల్తాడు" అనెను ముసలమ్మ. "మరి ఎల్తానని మాత్రమే అంటే?" "ఛీ, అదేం మాట! వస్తాననాల!" "అదే మామ్మా, ఆ వస్తానన్నదే మేం రాసుకుంటన్నాం" అనెను పిల్ల.

ముసలమ్మ మఱి మాటాడలేదు. నేనును మాటాడలేదు. మన తెలుగువారు గడప దాటునపుడు "వెళ్లుచున్నాను" అని యెన్నడు ననరు, "వెళ్లివచ్చెదను" అందురు. వెడలు మాటలోనే మరలు మాటను ముడివేసినవారు మన పూర్వులు. ఆ రెండవ సగమును మనము వట్టి మర్యాదగా వాడి విడిచితిమి. దానిని వేళతోసహా వ్రాసికొని, ఆ వేళ దాటినచో లేచి వెదకుటయే ఆ నోటుపుస్తకము చేయుపని.

ఆ బాలిక యిప్పుడు అనకాపల్లిలో కళాశాలకు బోవుచున్నది. పుస్తకమును ఆమె తల్లి చూచుచున్నది. ఆమెకు వ్రాత రాదు. గుర్తులు వేయును, సాయంత్రము బడిపిల్లలెవరైన వచ్చి యక్షరములు చేర్తురు. ఏదైన పడవ వేళ తప్పినచో ఆమె ముందుగా తోటిపడవలవారిని అడిగించును, పిదప నాకు ఫోను చేయును. అటు పిమ్మట 1554కు చేయుట నాపని. రెండుమారులు చేసితిమి. రెండుమారులును పడవలు ఆలస్యముగా తమంతట తామే వచ్చినవి. వృథాశ్రమ యైనదని నాకు తోచలేదు.

ఈ యూరిలో రాత్రివేళ నా ఫోను మ్రోగినచో మొదటి పిలుపుననే తీయుదును. ఎవరైన ఇంగ్లీషు కాగితము తెచ్చినచో ఆదివారము రమ్మని చెప్పను. ఆ కాగితము అసలుప్రతి నాయొద్దనే యున్నది. మేఘసందేశములోనే, తీసినచోటనే యున్నది. పాఠము చెప్పుటకు ఆ పుస్తకము తెరచినపుడెల్ల అదియే ముందుగా చేతికి తగులును.